డ్రైవర్ మీద పడ్డ నింద

సారికను నేను మొదట చూసింది మా వార్డులో ప్రింటర్ బల్ల కింద. చేతిలో చిన్న టార్చి పట్టుకుని, నేల మీద వెల్లకిలా పడుకుని, గోడలోకి పోయే తీగలను ఒక్కొక్కటే లాగి చూస్తోంది. ఎవరు నువ్వని మరాఠీలో అడిగాను. మరాఠీలోనే జవాబు చెప్పింది. అంతలో తీగ చివర వేలికి గుచ్చుకుని, అమ్మను పిలిచినట్టు "అవ్వా" అంది. మన పిల్లేనని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. ఆ రోజు నుంచి మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం.

నాందేడ్‌లో దవాఖానలన్నీ వరసగా ఉండే గల్లీలో మాదీ ఒకటి. దాని పేరు చెప్పను. నేను అక్కడ కిడ్నీ రోగుల వార్డులో నర్సును. నా పేరు ప్రతీక్ష. సారిక కంప్యూటర్లు చూసుకునేది.

ఆమెది హిమాయత్‌నగర్ అవతల, తెలంగాణకు ఆనుకుని ఉన్న ఊరు. వాళ్ళకు గుంటెడు భూమి లేదు. తల్లి సంగవ్వ, తండ్రి నర్సన్న ఇద్దరూ పరాయి చేన్లలో పత్తి ఏరి, సోయాబీన్ కోసి బతికారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సెలవుల్లో సారిక కూడా తల్లి వెంట పత్తికి పోయేది. పాలిటెక్నిక్ చదవడానికి నాందేడ్ వచ్చి, ఇక్కడే నౌకరి దొరికి, ఇక్కడే నిలేశ్ అనే మోటర్ల మెకానిక్‌ను పెళ్ళి చేసుకుంది. దవాఖానలో ఆమెను మొదట ప్రింటర్లు బాగుచేయడానికి తీసుకున్నారు. కొన్నేళ్ళకు కింది అంతస్తులోని సర్వర్ గది తాళం ఆమె చేతికి వచ్చింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఏదైనా బాగుచేస్తే మాత్రం వెంటనే వెళ్ళిపోయేది కాదు. నా పక్కన నిలబడి, "అక్కా, ఒక్క రిపోర్టు తెరువు, నీకు కనబడ్తుందా లేదా చూద్దాం" అనేది. కనబడ్డాకే కదిలేది.

సర్వర్ గదిలో ఉన్నవి రెండు పెద్ద పెట్టెలు, సర్వర్లంటే అవే. ఒక్కో పెట్టెలో నాలుగైదు కంప్యూటర్లు ఉన్నట్టుగా నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుందని ఆమె నాకు చెప్పింది. ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ ఫొటోలు, మందుల చీటీలు, చివరికి వార్డుల మధ్య మాట్లాడుకునే ఫోన్లు కూడా ఆ రెండు పెట్టెల మీదే నడిచేవి. ఆ సాఫ్ట్‌వేర్ పాతబడింది, కొత్తది ఎక్కించకపోతే ఇక రక్షణ ఉండదని దాన్ని అమ్మిన కంపెనీ చెప్పింది. వేరే ఊళ్ళో ఒక దవాఖాన కంప్యూటర్లలో దొంగలు చొరబడి అన్నిటికీ తాళం వేశారన్న కబురు కూడా అప్పుడే వచ్చింది. మేనేజర్ నాగనాథ్ సాబ్‌కు భయం పట్టుకుంది. ఆదివారం బయటి రోగులు ఉండరు కాబట్టి ఆ ఒక్కరోజే పని ముగించమన్నాడు. సారిక రెండు ఆదివారాలు అడిగింది, ఈ వారం ఒక పెట్టె, వచ్చే వారం ఇంకోటి అని. ఆయన ఒప్పుకోలేదు. ఆమె సరే అంది. తర్వాత ఈ సంగతి వచ్చినప్పుడల్లా, ఆయన తొందరపెట్టాడని నేనంటే, "సరే అన్నది నేనే గద అక్కా" అనేది.

ఆ ఆదివారం సోయాబీన్ కోతల రోజుల్లోది. పొద్దున ఆమె రెండు పెట్టెల్లోనూ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. రెండింటి తెరల మీదా అంతా సవ్యంగా అయ్యిందని వచ్చింది. పైకి వచ్చి, అలవాటు ప్రకారం, ఒక రిపోర్టు తెరవమంది. తెరిచాను. తెర ఖాళీగా ఉంది. మళ్ళీ తెరిచాను. ఖాళీయే. బల్ల మీది ఫోను ఎత్తితే చప్పుడు లేదు. ఆమె నా మొహం వైపు కూడా చూడకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

ఏం జరిగిందో ఆమె నాకు తర్వాత విడమరిచి చెప్పింది. సర్వర్‌కు తీగ తగిలించే ముక్కను నెట్‌వర్క్ కార్డు అంటారు. ఆ కార్డును సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టాలంటే మధ్యన ఒక చిన్న ప్రోగ్రాం ఉండాలి. దాన్ని డ్రైవర్ అంటారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో కొన్ని పాత కార్డుల డ్రైవర్లను తీసేశారు. ఏవి తీసేశారో కంపెనీ ముందే చెప్పింది. సారిక తన సర్వర్ల రకం చూసుకుంది, పనికొస్తుందని ఉంది. కానీ ఆ సర్వర్లలో ఉన్నవి వాటితో వచ్చిన కార్డులు కావు. అంతకు ముందు ఒక వానాకాలం పిడుగు పడి అవి కాలిపోతే, వేరే రకం పాత కార్డులు తెచ్చి బిగించారు. బిగించింది సారికే. ఆ సంగతి ఆమెకు ఆ రోజు గుర్తు రాలేదు. పెట్టెల లోపల అన్నీ నడుస్తూనే ఉన్నాయి. బయటివాళ్ళకు మాత్రం దారి లేదు.

అదే రోజు మధ్యాహ్నం భోకర్ నుంచి అంబులెన్సు వచ్చింది. దాన్ని నడిపే భీమ్‌రావు మాకు బాగా తెలిసినవాడు. తెచ్చింది బాలన్నను. భోకర్ దగ్గరి ఊరి రైతు, మా వార్డుకు చాలా కాలంగా డయాలిసిస్‌కు వచ్చే మనిషి. కోతలున్నాయని ఈసారి రెండు తడవలు రాలేదు. కాళ్ళు, మొహం ఉబ్బి, ఆయాసపడుతున్నాడు. అయినా నన్ను గుర్తుపట్టాడు. స్ట్రెచర్ మీద నుంచే, "బిడ్డా, ఈసారి తిట్టకు" అన్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళు బండి ఎక్కించారట; చేన్లో ఉన్న భార్య ముత్తెమ్మ, కొడుకు గజానన్ తర్వాత బస్సులో వచ్చి వార్డు బయటే ఉన్నారు.

డ్యూటీ డాక్టరు రక్తం తీయించి ల్యాబుకు పంపి, యాక్సిడెంటు కేసు ఒకటి వస్తే అటు వెళ్ళాడు. కిడ్నీ పని చేయని మనిషికి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుంది. అది ఎంత ఉందో రిపోర్టు చెప్పాలి. ల్యాబులో మిషను చెప్పింది. అక్కడి టెక్నీషియన్ రోజూలాగే కంప్యూటర్‌లో నొక్కాడు, వార్డుకు చేరిందనుకున్నాడు. చేరలేదని తెలిశాక ఫోను ఎత్తాడు. ఫోను పలకలేదు. అప్పుడు అన్ని వార్డుల రిపోర్టులూ కాగితాల మీద ముద్రించి, చేత పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. బాలన్న కాగితం ఆ దొంతరలో నడుమ ఎక్కడో ఉంది.

అది నా చేతికి వచ్చేసరికి బాలన్న చూపు నిలిచిపోతోంది. నేను డాక్టరు కోసం పరుగెత్తాను. ఆయన వచ్చి సూది మందులు ఇచ్చాడు, ఛాతీ మీద నొక్కాడు, చాలాసేపు నొక్కాడు. బాలన్న తిరిగి రాలేదు.

ఆ సంగతి సారికకు కింద గదిలో ఉండగానే తెలిసింది. ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను దిగి వెళ్ళేసరికి కంపెనీ వాళ్ళతో ఫోనులో మాట్లాడుతోంది, గొంతు మామూలుగానే ఉంది, చేయి మాత్రం బల్ల అంచును పట్టుకుని వదలడం లేదు. కొత్తదాన్ని తీసేసి పాత సాఫ్ట్‌వేర్‌కే రెండు పెట్టెలనూ వెనక్కి తిప్పింది. పొద్దు గూకకముందే అన్ని తెరల మీదా రిపోర్టులు వచ్చాయి. అప్పుడు వచ్చి నా పక్కన నిలబడింది. ఈసారి ఏమీ తెరవమని అడగలేదు.

మర్నాడు డాక్టరును ఆమె నా ముందే అడిగింది, రిపోర్టు వెంటనే వచ్చి ఉంటే బతికేవాడా అని. పెద్దాయన, మంచి మనిషి. కాసేపు ఆలోచించి, బతికేవాడని చెప్పలేను, బతికేవాడు కాదనీ చెప్పలేను, గుండె అప్పటికే చాలా బలహీనమైంది, కానీ ఒక ప్రయత్నం ముందే మొదలయ్యేది అన్నాడు. ఆ మాట అనేకంటే తిట్టి ఉంటే ఆమెకు సులువుగా ఉండేదేమో.

శవాన్ని తీసుకుపోయేటప్పుడు గజానన్ కింద కౌంటరు దగ్గర ఆగి, రిపోర్టు ఎందుకంత ఆలస్యమైందని అడిగాడట. కౌంటరులో కూర్చునే ప్రాజక్తకు కంప్యూటర్ల సంగతి తెలియదు. అందరి నోటా విన్నదే చెప్పింది, మరాఠీలో. "డ్రైవర్ ఫేల్ ఝాలా" అంది. అందుకే ఆలస్యమైందని చెప్పింది. ఆమె మనసులో ఏ పాపమూ లేదు. మన మాటలో అయితే మనిషి ఫెయిలైతే ఫెయిలైండు అంటాం, వస్తువైతే ఫెయిలైంది అంటాం. మరాఠీలో ఆ తేడా లేదు. డ్రైవర్ అనే మాట మగమాటే, మనిషైనా ప్రోగ్రామైనా ఝాలా అనే అంటారు. గజానన్‌కు తెలిసిన డ్రైవరు ఒక్కడే.

ఇదంతా మాకు కర్మలు అయిపోయాక తెలిసింది. ఒక సాయంత్రం నా డ్యూటీ దిగి గేటు దగ్గరికి వస్తే భీమ్‌రావు నిలబడి ఉన్నాడు. బండి లేదు. నన్ను చూడగానే దండం పెట్టాడు. మనిషి సగమయ్యాడు. బాలన్న బంధువులు వచ్చి నలుగురిలో నిలదీశారట, దారిలో ఎక్కడ ఆగావు, ఏం తాగావు అని. గజానన్ ఇతని అంగీ పట్టుకుని గుంజాడట. భోకర్‌లో చాయ్ కోసం బండి ఆపాడని ఒకరు, రైల్వే గేటు దగ్గర నిద్రపోయాడని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. భీమ్‌రావు తాతల కాలం నుంచీ కూలి చేసుకుని బతికే ఇంటివాడు. ఆ ఊళ్ళో పెద్ద రైతుల మాటకు ఎదురు నిలిచే బలం అతనికి లేదు. బండి యజమాని తాళం చెవి తీసేసుకున్నాడు.

"సిస్టర్, దింపుకున్నది మీరే గద. ఆయన మీతోటి మాట్లాడిండా, లేదా?" అని అడిగాడు.

మాట్లాడాడని చెప్పాను.

"గా మాట నాకు కాదు, వాళ్ళకు చెప్పాలె."

ఇంటికి పోయే దారిలోనే సారిక వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె జొన్నరొట్టె చేస్తోంది. విన్నాక పొయ్యి ఆర్పేసి గోడకు ఆనుకుని కూర్చుంది. నిలేశ్, దవాఖాన వాళ్ళు చూసుకుంటారు, నువ్వు ఊకో అన్నాడు.

మర్నాడు నాగనాథ్ సాబ్ దగ్గరికి వెళ్ళింది. నన్నూ రమ్మంది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. అంతా విని, తలుపు మూసి, మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు. అంబులెన్సు డ్రైవరని మనమెవరమూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. ఇప్పుడు మనం పోయి ఆ డ్రైవరు కాదంటే, మరి ఏ డ్రైవరని అడుగుతారు. అప్పుడేం చెబుతావు అన్నాడు.

ఉన్నదే చెబుతానంది సారిక. చెబితే ఇక్కడ పని చేయడం కష్టమవుతుందన్నాడు. తెలుసంది. అంతకు మించి అక్కడ మాటలు జరగలేదు.

తర్వాతి సెలవు రోజు ఇద్దరం భోకర్ బస్సు ఎక్కాం. భీమ్‌రావును వెంట రమ్మందామా అని అడిగితే వద్దంది. "ఆయన పక్కన నిలబడ్తె ఆయనే మనల్ని తోల్కొచ్చినట్టు ఉంటది. మనమే పోవాలె." దారి పొడుగునా కోసిన చేన్లు, కుప్పలు పోసిన సోయాబీన్. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏం చెప్పాలో లోపల కూడబలుక్కుంటోందని పెదవుల కదలిక చూస్తే తెలిసింది.

బాలన్న ఇల్లు ఊరి మొదట్లోనే. వాకిట్లో తాడిపత్రి పట్టా మీద సోయాబీన్ ఎండుతోంది. ముత్తెమ్మ ఒక మూలన కూర్చుని రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి లేవబోయింది, లేవలేక అక్కడే కూర్చుంది. గజానన్ లోపల నుంచి వచ్చాడు, వెంట ఇద్దరు బంధువులు. కూర్చోమని మంచం వేశారు. సారిక కూర్చోలేదు.

తను ఎవరో చెప్పింది, పేరు, ఊరు, దవాఖానలో చేసే పని. ఆ ఆదివారం ఏం చేసిందో చెప్పింది. కంప్యూటర్ మాటలు వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పడానికి చాలా కష్టపడింది. చివరికి ఇట్లా అంది.

"ఫెయిలైంది మనిషి కాదు. కంప్యూటర్ లోపట ఒక సామాను ఉంటది, దానికి గుడ డ్రైవర్ అనే పేరు. అది పనిచెయ్యకపోవుడు నా తప్పుతోటి. నేను చూస్కోవాల్సింది చూస్కోలేదు. భీమ్‌రావు మీ నాయినను ఎక్కడ ఆపకుంట తెచ్చిండు. దింపంగ ఈ అక్కతోటి మాట్లాడిండు ఆయన."

గజానన్ ముందుకు వచ్చాడు. ఎత్తు మనిషి. కొడతాడేమోనని నేను అడ్డం జరిగాను.

"అంటే మా నాయిన నీ తప్పుతోటి సచ్చిపోయిండా?"

"తెల్వదు" అంది సారిక. "డాక్టర్ సాబ్‌కు గుడ తెల్వదంట. రిపోర్టు ఆలస్యమైంది మాత్రం నా తప్పుతోటి."

"ఇదంతా చెప్పి నీ మనసు తేలిక చేసుకుందామని వచ్చినవా?"

సారిక తల దించలేదు. "తేలిక కాదన్నా. అయితదని రాలేదు. నా తప్పు ఇంకొకలు మోస్తుండ్రు, అది ఆపుదామని వచ్చిన."

బంధువుల్లో ఒకడు దవాఖాన మీద కేసు వేద్దామన్నాడు. ఇంకొకడు వీళ్ళను ఇక్కడే కూర్చోబెట్టి పెద్దలను పిలుద్దామన్నాడు. అంతలో ముత్తెమ్మ నన్ను పిలిచింది. దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను.

"బిడ్డా, నువ్వు ఉంటివి గద దగ్గర. నీళ్ళు అడిగిండా?"

కిడ్నీ రోగులకు నీళ్ళు కొలిచి ఇస్తాం. ఎండాకాలంలో కూడా గుక్కెడు గుక్కెడే. వాళ్ళకు అన్నిటికంటే పెద్ద ఆకలి దాహమే. ఆమె అడిగింది నాకు వెంటనే అర్థమైంది.

"అడిగిండు అవ్వా. పెదవులు తడిపిన."

"గంతేనా?"

"గంతే."

ఆమె చేటలోని గింజల్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపింది. "ఎన్నేండ్ల సంది నిండ నీళ్ళు తాగలే ఆ మనిషి. పోయేటప్పుడన్న తాగిపియ్యకపోతివి" అంది. తిట్టినట్టు లేదు. తర్వాత తనలో తాను మాట్లాడుకున్నట్టు, కోతలైనంక పోతనంటే సరే అన్నది నేనే అంది. "అవ్వా, ఊకో" అన్నాడు గజానన్. మా వైపు తిరిగి, ఇగ పోండ్రి అన్నాడు. మేము లేచి వచ్చేశాం. మమ్మల్ని ఎవరూ ఆపలేదు, ఎవరూ వాకిలి దాకా రాలేదు.

గజానన్ మర్నాడు భోకర్‌లో బండ్లు ఆగే అడ్డా దగ్గరికి వెళ్ళి, నలుగురి ముందు భీమ్‌రావుతో, మా మాట తప్పు పోయింది అన్నాడట. ఈ కబురు భీమ్‌రావే నాకు ఫోన్‌లో చెప్పాడు. అంగీ పట్టిన చేతితోనే అతని భుజం పట్టుకున్నాడట, కానీ కళ్ళలోకి చూడలేకపోయాడట. బండి యజమాని తాళం చెవి తిరిగి ఇవ్వడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో, ఆ రోజు చాయ్‌కి ఆగినవాడు అని అనేవాళ్ళు ఉన్నారు. నింద పడేటప్పుడు ఊరి మీద వానలా పడుతుంది. కడుక్కోవాలంటే ఇంటింటి గడపా ఎక్కాలి.

గజానన్ దవాఖాన మీద జిల్లా అధికారులకు ఫిర్యాదు చేశాడు. ఆ వారంలోనే సారికను పనిలోంచి తీసేశారు. సర్వర్ గది తాళం నాగనాథ్ సాబ్ బల్ల మీద పెట్టి, కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ కార్డుల సంగతి చెప్పమని ఆయనకు మరీ మరీ చెప్పి వచ్చింది. కొన్ని నెలలు ఇంట్లోనే ఉంది. ఆ రోజుల్లో నేను వెళ్ళినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి తోముతూనో ఉతుకుతూనో కనిపించేది, చేతులు ఖాళీగా పెట్టుకోలేక. తల్లి సంగవ్వ ఊరి నుంచి వచ్చి కొన్నాళ్ళుంది. బిడ్డ చేసింది ఆమెకు పూర్తిగా అర్థం కాలేదు. ఒకరోజు నాతో, చెప్పకపోతే ఎవరికి తెలిసేది అంది. కాసేపాగి, చెప్పుడే మంచిదైందిలే అని తనే అంది. తర్వాత ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే పని దొరికింది. అంతకు ముందు పని ఎందుకు పోయిందని వాళ్ళు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. చెప్పాక కూడా తీసుకున్నారు.

విచారణ ఎండాకాలం మొదట్లో జరిగింది. నన్ను పిలిచారు, డాక్టరును పిలిచారు, సారికను పిలిచారు. నాగనాథ్ సాబ్ తన వంతు వచ్చినప్పుడు, తప్పంతా సాఫ్ట్‌వేర్ కంపెనీదని చెప్పాడు. డ్రైవర్లు తీసేస్తున్నామని వాళ్ళు ముందే తెలిపారని, చూసుకోవలసింది తనేనని సారిక చెప్పింది. రెండు ఆదివారాలు అడిగిన సంగతి ఆమె ఎత్తలేదు. నేను ఎత్తాను. అధికారులు అన్నీ రాసుకున్నారు. దవాఖానలో వేరే తీగ మీద నడిచే ఫోను ఒకటి పెట్టాలని, ప్రాణం మీదికి వచ్చే రిపోర్టును మనిషే తెచ్చి నర్సు చేతిలో పెట్టాలని చెప్పారు. ఇప్పుడు అట్లాగే జరుగుతోంది. దవాఖానకు హెచ్చరిక ఇచ్చారు. బాలన్న ఎందుకు చనిపోయాడన్న దగ్గర మాత్రం, నిశ్చయంగా చెప్పలేం అని రాశారు.

చివర్లో అధికారి గజానన్‌ను, ఈమె గురించి ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగాడు. గజానన్ లేచి నిలబడ్డాడు. సారిక తల వంచుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అతను మరాఠీలో మొదలుపెట్టి, మధ్యలో ఆగి, తెలుగులోకి వచ్చాడు.

"ఈమె వచ్చి చెప్పకపోతే నాకు తెల్వకపోవు. భీమ్‌రావన్ననే చెడ్డోడని అనుకుంట బతుకుదును. అది గుడ రాయిండ్రి."

అధికారికి తెలుగు రాదు. పక్కనున్న గుమస్తా మరాఠీలో చెబితే రాసుకున్నాడు. గజానన్ సంతకం పెట్టి, మా ఎవరి వైపూ చూడకుండా ఆటో కోసం బయటికి వెళ్ళాడు.

ముత్తెమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. సారిక బయటికి రాగానే చూసింది. కొంచెం పక్కకు జరిగింది. సారిక ఒక్క క్షణం నిలబడి, ఆ చోట్లో కూర్చుంది. ఆటో వచ్చేదాకా ఇద్దరూ ఎండలోకి చూస్తూ అట్లాగే కూర్చున్నారు.